సన్నాయి బుగ్గ

"నా కొడుకు బుగ్గలో సూది గుచ్చనియ్యను. గుచ్చాలంటే ముందు నన్ను గుచ్చమను!"

అప్పలనరసింహం చేతికర్రతో నేల మీద ఒక్కటి వేసి మరీ అన్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. పళ్లు ఊడాక సన్నాయి దించాడు గానీ గొంతు దించలేదు.

పెద్దకోడలు హైమవతి మాత్రం తగ్గిందా? స్కానింగు ఫిలిములున్న పెద్ద కవరు గుండెలకి అదుముకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్న విశాఖపట్నంలో ఆ మిషన్లో ముప్పావుగంట పడుకోబెట్టి తీసిన ఫొటోలు మావా ఇవి. పదకొండింటికి డాక్టరమ్మ రమ్మన్నాది. సూదో, మందో, ఆవిడ సెప్పాల. ఇంట్లో కూసుని మనం సెప్పీసుకుంటే సరిపోతాదేటి?"

"డాక్టరమ్మకేటి తెలుసు? సన్నాయి ఎప్పుడైనా పట్టుకున్నాదా? మా అయ్యకీ ఇదే సోట, సెవి ముందర, ఇలాగే బుగ్గ లేసింది. ముప్పై ఏళ్లు దాంతోనే వాయించేడు. అది రోగమేటే? సన్నాయి బుగ్గ! అందరికీ వస్తాదేటి?"

ఆ చివరి మాట అంటూ ముసలాయన చిన్నకొడుకు వైపు చూశాడు. కావాలనే చూశాడో, కన్ను అటు తిరిగిందో ఆయనకే తెలియాలి. అరుగు చివర కూర్చుని గుడ్డతో సన్నాయి తుడుచుకుంటున్న మోహనకృష్ణకి మాత్రం చురుక్కుమంది.

"ఆయన్నే అడుగు మావా, ముద్ద నమిలి ఎన్నాళ్లయిందో!" హైమవతి మొగుడి చేతిలో గ్లాసు వైపు చూపించింది. "నెల్రోజులై సోడంబలి తప్ప ఇంకోటి దిగడం నేదు. ఆవలింతొస్తే గోడ పట్టుకుంటన్నాడు. బుగ్గట, బుగ్గ!"

పెద్దకొడుకు ఉదయభాస్కర్ గోడ వారన కూర్చుని స్టీలు గ్లాసులో అంబలి మెల్లగా పీలుస్తున్నాడు. ఎడమ చెవి ముందు ఉసిరికాయంత వాపు. నోరు తెరిస్తే గడ్డం ఒక పక్కకి పోతోంది. అతను గ్లాసు దించి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

"కోవెల్లో స్వామి కల్యాణం అయిపోనీ హైమా. ఐదు రోజులే కదా. తరవాత ఏటి సేసుకుంటారో సేసుకోండి."

"కల్యాణం అయిపోనీ, పండగైపోనీ, పెళ్లైపోనీ! నువ్వైపోతావు ముందు!" అనేసింది హైమవతి. అన్నాక తనే నాలుక కరుచుకుంది.

గరివిడి వైపు వెళ్లే బస్సు హారను వీధి చివర వినిపించింది. హైమవతి చెప్పులు వేసుకుంది. ఒక చేత్తో కవరు, ఒక చేత్తో మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు రా మోహనా. రోజూ పక్కన నిలబడీవోడివి నువ్వే. డాక్టరమ్మ ఏటైనా అడిగితే నువ్వు సెప్పాల."

వదిన ఆ మాట ఏ కల్మషమూ లేకుండానే అంది. అయినా మోహనకృష్ణ గుండె గతుక్కుమంది.

"సొక్కా మార్చుకొస్తాను వదినా," అని లోపలికి నడిచాడు.

* * *

పెరట్లో అతని భార్య జగదీశ్వరి అంట్లు తోముతోంది. మేనమామ కూతురే. పుట్టిన దగ్గర్నుంచీ ఇతని మనసు ఆమెకి అరచేతిలో గీతే.

"ఏటి బావా, మొహం అలాగున్నాది?"

"ఎలాగున్నాది?"

"నవ్వు దాసుకున్నట్టున్నాది."

"నోర్ముయ్. అన్నయ్య అంత బాధ పడతంటే..."

"ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు," అంది జగదీశ్వరి, గిన్నె బోర్లించి. "ఆ మాట ఎవుడన్నాడో గానీ మనిల్లు సూసే అనుంటాడు. నాకాడ దాపరికమేటి? ఈ కల్యాణానికి పెద్ద సన్నాయి నీదే. బావగారు సన్నాయి పీక నోట్లో పెట్టలేడు. నాకూ తెలుసు, నీకూ తెలుసు, ఆ ముసిలాయనకీ తెలుసు. ఒప్పుకోడు, అంతే."

"ఒసే, ఇది సంతోషపడీ సంగతేనా?"

"కాదు. కానీ పడతన్నావు కదా!"

మోహనకృష్ణ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. నిజమే, పడుతున్నాడు. పడుతున్నందుకు సిగ్గూ పడుతున్నాడు. ఆ సిగ్గు సంతోషాన్ని ఒక్క వీసం కూడా తగ్గించడం లేదు. అదీ అతని కడుపుమంట.

ఈ మంట ఇవాళ్టిదా? పదేళ్ల వయసులో తాత ఫొటో చూసి, ఆ బుగ్గ తనకీ రావాలని, నోట్లో వక్క దోపుకుని సన్నాయి సాధన చేసినవాడు మోహనకృష్ణ. ఓసారి ఆ వక్క గొంతులోకి జారి ప్రాణం మీదికొచ్చింది. వీపు మీద గుద్ది కక్కించింది అన్నే. ఆ గుద్దు మోహనకృష్ణకి నేటికీ గుర్తుంది. కక్కించి బతికించిన సంగతి మాత్రం అంతగా గుర్తు రాదు.

కోవెల్లో నిలబడే చోటు కూడా ఒక లెక్క ప్రకారమే. కుడిచేతి వైపు నిలబడినవాడిది పెద్ద సన్నాయి. రాగం ఎత్తుకోవడం, ముగించడం అతని హక్కు. ఎడమచేతి వైపువాడు వెంట నడవాలి. ఇన్నేళ్లూ అన్నదమ్ములిద్దరూ వారం విడిచి వారం చోటు మార్చుకునేవారు. కిందటి దసరాకి ఉదయభాస్కర్ చెవి ముందు ఈ బుగ్గ లేచింది. ముసలాయన సంబరం అంతా ఇంతా కాదు. "మా అయ్య మళ్లీ పుట్టేడర్రా!" అని ఊరంతా చెప్పుకుని, స్వామి ముందు పెద్దకొడుకు చేతిలో తాంబూలం పెట్టి, "ఇకనించి కుడిపక్క నీదే" అనేశాడు. మోహనకృష్ణకి ఓదార్పుగా ఒక్క మాట కూడా దక్కలేదు. ఆ రోజు నుంచి అన్న ఎడమ బుగ్గే అతనికి దినమూ ఎదురు.

ఏళ్ల తరబడి పక్కనే నిలబడేవాడు గనకే మరో సంగతి కూడా అతనికి తెలుసు. అది ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

బుగ్గ లేవకముందు, అంటే దసరాకి చాలా ముందు నుంచే, అన్న దవడలో ఒక చప్పుడు ఉండేది. ఊపిరి కోసం పీక తీసి మళ్లీ నోట్లో పెట్టుకునేటప్పుడు కటుక్కుమనేది. మరుక్షణం దవడ పట్టేసేది. రెండు లిప్తలు, మూడు లిప్తలు. ఆలాపన అక్కడ తెగాలి. కానీ తెగేది కాదు. ఆ చప్పుడు చెవిన పడగానే మోహనకృష్ణ అందుకునేవాడు. డోలు వాయించే కూర్మయ్య కూడా పోల్చుకోలేనంత నున్నగా అందుకునేవాడు. జనం మెచ్చుకునేవారు. "అన్న ఒగ్గితే తమ్ముడు పట్టుకుంటాడు. రామలచ్చనులు!" అనేవారు.

రామలక్ష్మణులట! ఆ చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని నిలబడేవాడు ఈ లక్ష్మణుడు. రాని రోజు నిరాశ పడేవాడు.

* * *

విజయనగరంలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టరు దుర్గాభవానికి నలభై ఏళ్లుంటాయి. శ్రీకాకుళం వైపు మనిషి. ముందు ఉదయభాస్కర్‌ని నోరు తెరవమంది. తన మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి చూపించింది.

"మామూలుగా ఇవి మూడూ పట్టాలి. మీకు ఒకటిన్నర పడుతోంది. కిందటి నెల రెండు పట్టేవి."

తర్వాత ఫిలిములు వెలుగుపెట్టెకి తగిలించి వేలితో చూపించింది.

"ఇదిగో దవడ కీలు. దీని చుట్టూ పల్చటి పొర ఒకటుంటుంది. తలుపు బందులకి నూనె వేస్తాం కదా, అలా కీలుకి తడి ఇచ్చేది ఆ పొరే. మీకు అది పెరిగిపోయి గడ్డయింది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ ఇలాంటి మెత్తటిది కనిపించదు. అందుకే పన్ను పీకించినా, నొప్పి బిళ్లలు మింగినా దొరకలేదు."

"కేన్సరేటండీ?" హైమవతి అడిగింది.

"దీని వాలకం చూస్తే కాదనే అనిపిస్తోందమ్మా. ఈ రకం గడ్డలు ఇంకో చోటికి పాకవు. కానీ ఉన్నచోట ఊరుకోవు. పక్క ఎముకని అరగదీస్తాయి. ఇక్కడ చూడండి. కీలుకీ మెదడుకీ మధ్య ఎముక గుడ్డు పెంకంత ఉంటుంది. ఇప్పటికే పల్చబడింది. అందుకే ఆలస్యం చెయ్యకూడదంటున్నాను. చాలా అరుదులెండి. పన్నెండేళ్లలో ఇలాంటిది నేను చూసింది ఒక్కటే. ఇది రెండోది."

అరుదు! మోహనకృష్ణకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. చూడండి మనిషి మనసు ఎంత చెడ్డదో! రోగం వచ్చినా అన్నకి లక్షల్లో ఒకరికి వచ్చేదే రావాలా? తనకి పోయిన ఏడాది వచ్చింది పచ్చకామెర్లు. వీధిలో నలుగురికి వచ్చాయి.

దుర్గాభవాని కుర్చీలో కూర్చుని కాగితం తీసుకుంది.

"ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. ఎప్పటి నుంచి?"

"దసరా కాణ్ణించండి," అంది హైమవతి. "ఎనిమిది నెలలు."

"వాపు దసరా నుంచి. సరే. అంతకు ముందు? నోరు తెరిస్తే చప్పుడు, పట్టేసినట్టుండటం? వాపు కన్నా ముందు అవే మొదలవుతాయి సాధారణంగా. ఏళ్ల ముందు నుంచి కూడా ఉంటాయి."

ఉదయభాస్కర్ తల అడ్డంగా ఊపాడు.

"బాగా ఆలోచించి చెప్పండి. ఊరికే అడగడం లేదు. నెమ్మదిగా మూడు నాలుగేళ్లు పెరిగిందంటే ఒక దారి. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాం. నేననుకున్నదే అయితే కీలు తెరిచి ఆ పొర మొత్తం తీసేస్తాం. ఎముక, నరాలు కాపాడుకుంటూ చేస్తాం. ఏడాది తిరిగేసరికి మీరు మళ్లీ సన్నాయి పట్టొచ్చు. ఏమీ లేనివాడికి ఎనిమిది నెలల్లో ఇంత పెరిగి, ఎముక ఇంత అరిగిందంటే మాత్రం నా అనుమానం మారుతుంది. ఇక్కడ చెయ్యి పెట్టను. రేపే విశాఖపట్నం కేన్సర్ ఆసుపత్రికి రాసిస్తాను. వాళ్లు పెద్ద ఆపరేషనే ఆలోచిస్తారు. దాని తర్వాత సన్నాయి సంగతి నేను మాట ఇవ్వలేను."

"నేదండి," అన్నాడు ఉదయభాస్కర్. మాట ముద్దగా వచ్చింది గానీ తడబాటు లేదు. "ముందేటీ నేదు. బుగ్గ లేసిన కాణ్ణించే."

మోహనకృష్ణ అన్న వైపు చూశాడు. అబద్ధం! చెవి పక్కనే కటుక్కుమనే చప్పుడు ఆ చెవి ఉన్నవాడికి వినిపించదా? ఎందుకు ఆడుతున్నాడు ఈ అబద్ధం?

డాక్టరు అతని వైపు తిరిగింది.

"మీరు తమ్ముడు కదూ? పక్కనే నిలబడి వాయిస్తారట. ఎప్పుడైనా చప్పుడు విన్నారా? వాయిస్తూ వాయిస్తూ ఆగిపోవడం చూశారా?"

తేలు కుట్టిన దొంగకి కూడా అంత చెమట పట్టదు. విన్నాను అంటే, ఎప్పుడు అని అడుగుతుంది. మూడేళ్లు అంటే, మరెందుకు చెప్పలేదని వదిన అడుగుతుంది. ఏం చెబుతాడు? ఆ చప్పుడు మీదే పేరు తెచ్చుకున్నానని చెబుతాడా? అడుగున ఇంకోటి కూడా ఉంది. సన్నాయి సంగతి మాట ఇవ్వలేను అని డాక్టరు అన్నప్పుడు లోపలెక్కడో ఒక తలుపు తెరుచుకుంది. ఇక వారం విడిచి వారం లేదు. తాంబూలం లేదు. కుడిపక్క ఎప్పటికీ తనదే.

"నాకు తెల్దండి," అన్నాడు.

దుర్గాభవాని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నిట్టూర్చి ఉత్తరం రాసింది. కవరు మీద విశాఖపట్నం ఆసుపత్రి పేరు రాసి హైమవతికిచ్చింది.

"రేపు పొద్దున్నే బయల్దేరండి. ఏమైనా గుర్తొస్తే రాత్రి తొమ్మిదిలోపు నాకు ఫోన్ చెయ్యండి."

తిరుగు బస్సెక్కారు. హైమవతి కిటికీ వైపు మొహం తిప్పుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఉదయభాస్కర్ కళ్లు మూసుకున్నాడు. మోహనకృష్ణ నిలబడే వచ్చాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది.

* * *

కేన్సరన్న మాట ఇంట్లో అడుగు పెట్టాక అప్పలనరసింహం కర్ర చప్పుడు ఆగిపోయింది. మొదట కాసేపు కేకలేశాడు. "ఆళ్లకేటి తెలుసు" అన్నాడు. ఉత్తరం చింపెయ్యమన్నాడు. పొద్దు వాలేసరికి నీరుగారిపోయి, తండ్రి ఫొటో కింద చాప మీద చతికిలబడ్డాడు. సాయంత్రం కోవెలకి ఎవరు వెళ్లాలో కూడా చెప్పలేదు. అది ఎప్పుడూ ఆయనే చెప్పేవాడు.

వంటింట్లో జగదీశ్వరి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మోహనకృష్ణ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి బావా? లోపలికి రా, లేదంటే బయటికెల్లు."

"జగదీసా, నీకో మాట సెప్తాను. తిట్టకు."

"తిట్టీదైతే తిడతాను. సెప్పు."

చెప్పాడు. చప్పుడూ, మూడేళ్లూ, తను చెవులు రిక్కించుకుని నిలబడటం, ఇవాళ డాక్టరమ్మ అడిగితే తెలీదనడం, ఏదీ దాచలేదు. జగదీశ్వరి అంతా విన్నాక పొయ్యి మీది గిన్నె దించి కింద పెట్టింది.

"పొద్దున్న నేను నవ్వుతాలకన్నాను," అంది. "కుడిపక్క నీకొస్తాదని. ఆయన దవడ కోసీసి ఇమ్మని నేననలేదు బావా."

"అన్నయ్య కూడా అబద్ధమే ఆడేడే! ఆయన దవడ, ఆయనకి తెల్దేటి?"

"ఆయన అబద్ధం ఆయన్నే తినీస్తాది. నీ అబద్ధం కూడా ఆయన్నే తింటాది. నీకు మాత్రం కూడు పెడతాది. అదీ తేడా."

పొయ్యిలో పుల్ల చిటచిటలాడింది. అతను ఇంకేదో అనబోయాడు.

"నాకు సెప్పి ఏటి లాభం? నేను డాక్టర్నా?" అని ఆమె మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టేసింది.

మోహనకృష్ణ అక్కడే నిలబడ్డాడు. చెబితే అన్న బతుకుతాడు, అన్న సన్నాయి బతుకుతుంది. ఏడాది తిరక్కుండానే మళ్లీ కుడిపక్క నిలబడతాడు. తను మళ్లీ ఎడమపక్కకి పోవాలి, అదీ దొంగ అనే పేరుతో. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. జగదీశ్వరికి తెలుసు గానీ ఆమె నోరు విప్పదు. విప్పకుండానే ముప్పై ఏళ్లు తనకి అన్నం వడ్డిస్తుంది. ఆ తలపే అతన్ని అన్నిటికన్నా భయపెట్టింది.

వసారాలోకి వచ్చాడు. హైమవతి రేపటి ప్రయాణానికి సంచి సర్దుతోంది. ఉదయభాస్కర్ తడిగుడ్డ చెవి ముందు అద్దుకుని కూర్చున్నాడు.

"వదినా, డాక్టరమ్మకి ఫోన్ కలుపు."

"ఏటికి?"

"కలుపు వదినా. ఒక మాట సెప్పాల."

ఉదయభాస్కర్ తడిగుడ్డ తీసేశాడు. తమ్ముడి మొహంలోకి చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి హైమవతి చూడలేదు. అప్పటికే నంబరు నొక్కేసింది. ఆమెకి అలవాటు, ఎవరితో మాట్లాడినా ఫోను పెద్దగా వినిపించేలా పెడుతుంది.

"చెప్పండి," అంది దుర్గాభవాని గొంతు.

"అమ్మా, నేను పేషెంటు తమ్ముణ్ణి." మోహనకృష్ణ ఫోను అందుకున్నాడు. "మీరు మధ్యాన్నం అడిగేరు కదా, సప్పుడు. ఇన్నానండి. మూడేళ్లయింది. పీక తీసి పెట్టుకునేటప్పుడు కటుక్కుమంటాది. దవడ పట్టేస్తాది. మొదట్లో వారానికోసారి. తరవాత్తరవాత రోజూ."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

"మధ్యాహ్నం తెలీదన్నారు కదా?"

"అన్నానండి."

"ఎందుకు?"

మోహనకృష్ణ ఫోను చెయ్యి మార్చుకున్నాడు. డాక్టరే మళ్లీ అంది.

"సరే, అది మీ ఇంటి సంగతి. మూడేళ్లంటే నాకు చాలా మారిపోతుంది. కానీ ఈ మాట పేషెంటు కూడా చెప్పాలి. ఆయన్ని అడగండి. ఆయన నోటితోనే వినాలి."

ఫోను ఉదయభాస్కర్ ముందుకి వచ్చింది. చాప మీది ముసలాయన లేచి నిలబడ్డాడు. లోపల్నుంచి జగదీశ్వరి కూడా గుమ్మంలోకి వచ్చింది.

ఉదయభాస్కర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. హైమవతి అతని భుజం పట్టుకుని కుదిపింది.

"నిజమేనండి," అన్నాడు చివరికి. "మూడేళ్లయింది."

"మంచిది. విశాఖపట్నం వద్దు. రేపు పదింటికి నా దగ్గరికే రండి, సూది పరీక్ష ఇక్కడే చేద్దాం. ఫలితం వచ్చాక తేదీ పెట్టుకుందాం. ఈలోపు మాత్రం సన్నాయి ముట్టుకోకూడదు, కల్యాణమైనా సరే," అని దుర్గాభవాని ఫోను పెట్టేసింది.

అప్పలనరసింహం రెండడుగులు ముందుకేశాడు.

"మూడేళ్లా? అయితే దసరాకి నా సేతి తాంబూలం పుచ్చుకున్నప్పుడు నీకు తెలుసునేటి, అది బుగ్గ కాదని?"

"అనుమానమే నాన్నా."

"మరెందుకు సెప్పలేదురా?"

"సెప్తే కుడిపక్క వీడికిచ్చీవోడివి." ఉదయభాస్కర్ తమ్ముడి వైపు చూపుడు వేలు చూపించాడు. "వీడి ఊపిరి నాకు నేదు. సిన్నప్పట్నించీ నేదు. నాకు తెలుసు, నీకూ తెలుసు. దేముడిచ్చింది బుగ్గొక్కటే. అదీ రోగమని సెప్పుకోమంటావేటి?"

అంత మాట ఒక్కసారిగా మాట్లాడేసరికి నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మోహనకృష్ణ నిర్ఘాంతపోయాడు. తను అన్నని చూసి కుళ్లుకున్నాడు, అన్న తనని చూసి కుళ్లుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు.

ముసలాయన తండ్రి ఫొటో వైపు తిరిగాడు.

"అయితే మా అయ్యది కూడా..." అని ఆగిపోయాడు. గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు.

హైమవతి సంచిలో పెట్టిన బట్టలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద వేస్తోంది.

"ముందు ఈయన్నడగాలో, నిన్నడగాలో తెలీడం నేదు మోహనా. ఈయన నా మొగుడు, రోగంతో ఉన్నాడు, వదిలీస్తాను. నువ్వు సెప్పు. మూడేళ్లు ఇన్నావు. ఒక్కరోజు, ఒక్కరోజైనా, వదినా అన్నయ్యని డాక్టరుకి సూపించండని అనాలనిపించలేదా?"

అనిపించింది అనొచ్చు. ఆమె నమ్మేది కూడా. కానీ ఇవాళ్టికి అబద్ధాలు చాలనిపించింది అతనికి.

"నేదు వదినా. ఆయన ఎప్పుడాగుతాడా అని కాసుకుని ఉండీవోణ్ణి."

హైమవతి చేతిలో చీర అలాగే ఉండిపోయింది. అతని మొహంలోకి ఒకసారి చూసి తల తిప్పేసుకుంది. ఆ చూపు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఇవాళ ఇంట్లో నిజం చెప్పి అన్న ప్రాణం నిలబెట్టింది తనే. అన్న పరువు తండ్రి ముందు తీసింది కూడా తనే. ఏది చెయ్యాలని చెప్పాడు? గుండె మీద చెయ్యి వేసుకుని అడిగితే రెండూ అనే చెప్పాలి.

"అన్నయ్యా," అన్నాడు మెల్లగా. "తప్పయిపోనాది."

ఉదయభాస్కర్ తడిగుడ్డ మడత పెట్టి పక్కన పెట్టాడు. లేచి తమ్ముడి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకుంది హైమవతి. కొట్టలేదు. మాట తర్వాత మాట కూడదీసుకుంటూ అన్నాడు.

"కల్యాణానికి నువ్వే వాయించు."

"అన్నయ్యా, ఇప్పుడా మాట..."

"కుడిపక్క నిలబడు. ఎడమపక్క ఎవుడూ వద్దు. నేను ఎదర కూసుంటాను." దవడ మీద చెయ్యి ఆనించుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "నేనాగిన కాడల్లా అందుకుని పేరు తెచ్చుకున్నావు. ఇప్పుడు ఆగడానికి నేనుండను. నువ్వొక్కడివీ ఏటి వాయిస్తావో, కూసుని ఇంటాను."

మోహనకృష్ణ పొద్దున్న తుడిచి పెట్టిన తన సన్నాయి వైపు చూశాడు గానీ, దాన్ని అందుకోలేదు.